సీసా పక్కన పెట్టి మళ్ళీ రాయి

చిరంజీవికి ఆశీస్సులు.

సినిమా నటుడు రిచర్డ్ బర్టన్ మీద నువ్వు రాసి పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. వాక్యం మీద నీకు పట్టుంది, చాలా సంతోషం. కానీ 12 పేజీల్లో 9 పేజీలు తాగుడే. ఎంత తాగాడు, ఎవరితో తాగాడు, తాగి ఏం గొడవ చేశాడు. అవి తీసేస్తే ఆ మనిషి ఎవరో తెలియడం లేదమ్మా.

నేనూ ఈ తప్పు చేశాను. ఒక రంగస్థల నటుడి మీద ఇలాంటి కథలతోనే రాశాను. అచ్చయ్యాక ఆయన కూతురు ఉత్తరం రాసింది. "మా నాన్న తెల్లవారుజామున లేపి మాకు పద్యాలు నేర్పేవాడు. ఆ సంగతి మీకెవరూ చెప్పలేదా?" అని. నేను ఎవరినీ అడగలేదు. ఆ ఉత్తరం ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది.

బర్టన్ అసలు ఇంటిపేరు జెంకిన్స్. 1925లో వేల్స్‌లో ఒక బొగ్గుగని కార్మికుడికి 13 మంది పిల్లల్లో 12వవాడుగా పుట్టాడు. రెండేళ్లు నిండకముందే తల్లి పోయింది. పెళ్ళయిన అక్క సిస్ పోర్ట్ టాల్బట్‌లోని తన ఇంటికి తెచ్చుకుని పెంచింది. మధ్యలో చదువు మాని బట్టల కొట్లో పనికి కుదిరాడు. మళ్ళీ స్కూల్లో చేరాక ఫిలిప్ బర్టన్ అనే మాస్టారు చేరదీశాడు. కొండ మీద నిలబెట్టి షేక్‌స్పియర్ చెప్పించేవాడు. ఆ మాస్టారు మాత్రం దూరం జరుగుతూ పోయేవాడు. అరవకుండానే ఆయనకు వినపడాలి! దత్తత తీసుకుందామంటే చట్టం ఒప్పుకోలేదు. ఇద్దరికీ 21 ఏళ్ల తేడా ఉండాలట, 20 రోజులు తక్కువయ్యాయి. అందుకని సంరక్షకుడిగా ఉండి తన ఇంటిపేరు ఇచ్చాడు. లోకమంతా మెచ్చిన ఆ గొంతు అక్కడ తయారైంది. నువ్వు దాన్ని ఒక్క వాక్యంలో దాటేశావు.

ఏడుసార్లు ఆస్కార్‌కు నామినేట్ అయి ఒక్కసారీ గెలవలేదన్నది అందరూ రాసేదే, రెండు లైన్లు చాలు.

తాగుడు గురించి రాయొద్దని నేననను. 58 ఏళ్లకే పోయిన మనిషి కథలో అది లేకుండా ఎలా? కానీ ఆయన డైరీల దగ్గరికి వెళ్ళు. కుర్రతనంలో మొదలుపెట్టి, మధ్యమధ్య ఆపుతూ 1983 దాకా రాశాడు. 2012లో పుస్తకంగా వచ్చాయి. చదివిన పుస్తకాలు, నటి ఎలిజబెత్ టేలర్ మీద ప్రేమ, తన నటన మీద తనకే విసుగు, అన్నీ పేజీలకు పేజీలు. తీరా 1975కి వచ్చేసరికి కొన్ని తేదీల కింద ఒక్కటే మాట: మందు. టేలర్‌ను రెండోసారి పెళ్ళాడిన ఏడాది అది. అంత బాగా రాయగలిగినవాడికి ఆ రోజుల గురించి చెప్పడానికి ఇంకో ముక్క మిగల్లేదు. ఆ పేజీ చూసినప్పుడు నాకు గుండె పట్టేసినట్టయింది. నువ్వు 9 పేజీల్లో చెప్పాలనుకున్నదంతా అక్కడ ఉంది.

నీ కాగితాల మీద పెన్సిల్‌తో గీతలు పెట్టి వెనక్కి పంపుతున్నాను. 4వ పేజీలో ఆ 20 రోజుల సంగతి దగ్గర మళ్ళీ కూర్చో. సంక్రాంతికి ఊరొచ్చినప్పుడు ఆ ఒక్క భాగం పట్టుకురా, వసారాలో కూర్చుని బయటికి చదువుకుందాం.

ప్రేమతో,
మీ మాస్టారు