పడక కుర్చీకి మూడు చక్రాలు

మొన్న ఉగాది భోజనాల దగ్గర ఓ కుర్రాడు నన్ను పక్కకి పిలిచాడు. "అంకుల్, నదిపక్క ట్రైల్ మీద మిమ్మల్ని చూశాను. నేల మీద పడుకున్నట్టు ఉండి తొక్కుతున్నారు, అదేం బండి? మా నాన్నగారు జూన్‌లో వస్తున్నారు. మోకాళ్ల నొప్పులు, నడుస్తుంటే కాస్త తూలుతారు కూడా. ఆర్నెల్లు ఇంట్లో కూర్చోబెడితే నాకు పిచ్చెక్కుతుందిరా అంటున్నారు. ఆయనకి పనికొస్తుందా?" అతను అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలోని రెడ్‌మండ్ వచ్చి ఎనిమిది నెలలే అయింది. పక్కనే ఉన్న ఓ అమ్మాయి, "నాకసలు సైకిలే రాదు, నేనూ తొక్కొచ్చా?" అంది. ప్లేట్లో పులిహోర చల్లారేదాకా చెప్పినా సగం కూడా కాలేదు. మిగతాది ఇలా రాస్తున్నాను.

ఆ బండిని రికంబెంట్ ట్రైక్ అంటారు. మన తాతలు వసారాలో వేసుకునే పడక కుర్చీకి చక్రాలు తగిలించి, కాళ్లకి ఎదురుగా పెడల్స్ పెట్టారనుకోండి. నడుం వంచక్కర్లేదు, మణికట్ల మీద బరువు పడదు, బ్యాలెన్స్ అవసరమే లేదు. చిన్నప్పుడు అద్దె సైకిల్ తెచ్చుకుని, కడ్డీ కిందనుంచి కాలు దూర్చి, మోకాళ్లు చెక్కుకుపోతూ నేర్చుకున్నవాళ్లం మనం. ఆ బాధేమీ ఇందులో లేదు. కాబట్టి అమ్మాయికి జవాబు: నిక్షేపంగా తొక్కొచ్చు. అయితే పడిపోదు కదా అన్న ధీమాతోనే దీని మీద దెబ్బలు తగిలించుకుంటారు. నేనూ తగిలించుకున్నాను.

2014లో నాకు నడుములో డిస్కు జారింది. మామూలు సైకిల్ మీద పది నిమిషాలు కూర్చుంటే కాలంతా లాగేసేది. అప్పుడు సెకండ్ హ్యాండ్‌లో ఒకటి కొన్నాను. ఆ ఏడాది వచ్చిన మా అమ్మ దాన్ని గరాజ్‌లో చూసి ముఖం చిన్నబుచ్చుకుంది. మన ఊళ్లల్లో మూడు చక్రాల బండంటే ప్రభుత్వం వికలాంగులకిచ్చే, చేత్తో తిప్పుకునే బండే కదా. "ఏమైందిరా నీకు, నాకు చెప్పకుండా దాస్తున్నావా?" అని రాత్రంతా నిద్రపోలేదు. మీ నాన్నగారికీ ఆ మొహమాటం ఉండొచ్చు. ఆయనకి ఈ సంగతి చెప్పండి. 1933లో ప్యారిస్‌లో ఫ్రాన్సిస్ ఫోర్ అనే ఆయన ఇలా పడుకుని తొక్కే రెండు చక్రాల బండి మీద గంటలో 45 కిలోమీటర్ల పైచిలుకు వెళ్లి అప్పటిదాకా ఉన్న రికార్డు బద్దలుకొట్టాడు. మరుసటి ఏడాది అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం ఇలాంటి బళ్లని పోటీల్లోంచి తీసేసింది. గెలుస్తున్నందుకు వెలేశారన్నమాట. మా అమ్మకి ఈ కథ బాగా నచ్చింది. ఆ తర్వాత చుట్టాలకి ఫోన్లో "మావాడిది రేసు బండి" అని చెప్పేది. అది మాత్రం నిజం కాదు, నేను గంటకి పన్నెండు మైళ్లు దాటను.

వీటిలో రెండు రకాలు. ముందు రెండు చక్రాలు, వెనక ఒకటి ఉంటే టాడ్‌పోల్, అంటే తోకకప్ప. ముందు ఒకటి, వెనక రెండు ఉంటే డెల్టా. ట్రైల్స్ మీద, అంటే నడిచేవాళ్లకీ సైకిళ్లకీ వేసిన దారుల్లో, మీకు ఎక్కువగా కనిపించేవి తోకకప్పలే. నేలకి దగ్గరగా ఉంటాయి, మలుపుల్లో గట్టిగా నిలబడతాయి. కానీ కొన్నిట్లో సీటు నేలకి ఓ అడుగు ఎత్తు కూడా ఉండదు. మోకాళ్ల నొప్పులున్న పెద్దాయన అందులో కూర్చోగలరేమో గానీ లేవలేరు. ఆయనకి కుర్చీ ఎత్తులో సీటుండే డెల్టా గానీ, ఎత్తు సీటు టాడ్‌పోల్ గానీ చూడండి. కాకపోతే సీటు ఎత్తు పెరిగేకొద్దీ మలుపులో బోల్తా పడే గుణం కూడా పెరుగుతుంది. ఆయన నెమ్మదిగా తొక్కుతారు కాబట్టి ఫర్వాలేదు.

కొత్తవి పదిహేను వందల డాలర్ల దగ్గర మొదలై ఐదు వేలు దాటిపోతాయి. మిషిగన్‌లో టెర్రాట్రైక్, ఫ్లోరిడాలో క్యాట్రైక్, ఇంగ్లండ్‌లో ఐసీఈ, జర్మనీలో హెచ్‌పీ వెలోటెక్నిక్, హాజె, ఇలా చేసేవాళ్లు చాలామందే ఉన్నారు. ఏది కొనాలన్నది తర్వాత, ముందు టేపు తీసుకుని మీ అపార్ట్‌మెంట్ తలుపు కొలవండి. ట్రైక్ వెడల్పు సుమారు ముప్పై అంగుళాలు, కొన్నిటికి ఇంకా ఎక్కువ. బయటి తలుపులోంచి పడుతుంది, లోపలి గది తలుపులోంచి పక్కకి వాల్చితే తప్ప పట్టదు. మెట్లెక్కాల్సిన మూడో అంతస్తు అయితే మడతపెట్టే మోడల్ తప్ప వేరేది వద్దు. ఎంతలేదన్నా పదిహేను, ఇరవై కిలోలుంటుంది. బస్సు ముందుండే రాక్ రెండు చక్రాల సైకిళ్ల కోసం చేసింది, అందులో ఇది పెట్టుకోవచ్చని లెక్కలు వేసుకోకండి.

కొన్నాక మొదటిరోజే ట్రైల్‌కి తీసుకెళ్లకండి. పార్కింగ్ లాట్‌లో పెట్టుకుని ముందు మీ కాళ్లకి సరిచేసుకోండి. మామూలు సైకిల్‌కి సీటు పైకీ కిందకీ జరిపితే సరిపోతుంది. దీనికి చాలా మోడళ్లలో సీటు జరగదు, ముందున్న పెడల్స్ గొట్టమే ముందుకీ వెనక్కీ జరుగుతుంది. దాన్ని బూమ్ అంటారు. రోజూ తొక్కే బూట్లే వేసుకుని, వీపు సీటుకి పూర్తిగా ఆనించి కూర్చోండి. మడమ పెడల్ మీద పెట్టి, పెడల్‌ని బాగా దూరంగా వెళ్లేదాకా తిప్పండి. అక్కడ మోకాలు నిటారుగా రావాలి, కానీ నడుం సీటు మీద జారకూడదు. అప్పుడు మామూలుగా పాదం పెట్టి తొక్కితే మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. అదే సరైన దూరం. బూమ్ మరీ దగ్గరైతే మోకాలి చిప్ప ముందు నొప్పి, మరీ దూరమైతే తొడ వెనక నరాలు పీకుతాయి. నొప్పి వచ్చిందని ఒకేసారి రెండంగుళాలు జరిపేయకండి. అర సెంటీమీటర్ జరిపి, రెండ్రోజులు తొక్కి చూడండి. కాలివేళ్లు తిమ్మిరెక్కుతుంటే పాదాన్ని పెడల్ మీద కాస్త ముందుకి జరపండి, పెడల్ పాదం మధ్యకి వచ్చేలా.

ఇక్కడే కొత్తవాళ్లు మర్చిపోయేది చెయిన్. బూమ్ ఒక అంగుళం ముందుకి జరిగితే చెయిన్ పైనా కిందా రెండు వరసలూ సాగాలి కాబట్టి రెండంగుళాలు కావాలి. కొద్దిగా జరిపితే వెనక డీరైలర్, అంటే చెయిన్‌ని ఒక గేరు నుంచి ఇంకో గేరుకి జరిపే భాగం, సర్దుకుంటుంది. ఆరడుగుల మనిషి బండి ఐదడుగుల రెండంగుళాల మనిషి కొంటే చెయిన్ లింకులు తీయించాల్సిందే. లేకపోతే వేలాడి నేలకి తగులుతుంది. మీరే పొడుగైతే, లింకులు కలపకుండా ముందూ వెనకా పెద్ద గేర్లు రెండూ కలిపి వేశారో డీరైలర్ విరిగి చేతికొస్తుంది. బోల్టులు బిగించేముందు బూమ్ పక్కకి ఒరిగిందేమో ఎదురుగా నిలబడి చూడండి.

ఇంక నా చీలమండ సంగతి. కొన్న మొదటి వారం మామూలు పెడల్స్, మామూలు చెప్పుల్లాంటి బూట్లు. ట్రైల్ మీద చెట్ల వేళ్లు తారుని పైకి లేపిన చోట బండి ఎగిరింది. కుడికాలు పెడల్ మీంచి జారి నేలకి తగిలింది. మామూలు సైకిల్ అయితే కాలు కింద పెడితే ఆగుతాం. దీని మీద కాళ్లు బండికి ముందుంటాయి, బండి వాటి మీదకి వస్తుంది. పాదం నేలకి అతుక్కుపోయింది, బండి ముందుకొచ్చింది, కాలు వెనక్కి మడతపడి సీటు కిందకి లాక్కుపోయింది. నిదానంగా వెళ్తున్నాను కాబట్టి బెణుకుతో పోయింది. వేగం మీదుంటే ఎముక విరుగుతుంది. ట్రైక్ వాళ్లు దీన్ని లెగ్ సక్ అంటారు, అందరూ భయపడేది దీనికే. అందుకని పాదం పెడల్‌కి కట్టేసి ఉండాలి. బూటు అడుగున క్లీట్, అంటే పెడల్‌కి తగులుకునే ముక్క, ఉండే క్లిప్ పెడల్స్ అయినా సరే, మడమని పట్టుకునే కప్పూ పట్టీలూ ఉండే పెడల్స్ అయినా సరే. పెద్దవాళ్లకి రెండోదే నయం, బూట్లు మార్చుకోనక్కర్లేదు. "కాలు కట్టేస్తే పడిపోతే ఎలా?" అని అడుగుతారు. ఆగినా మూడు చక్రాల మీద నిలబడే బండి, కాలు కింద పెట్టాల్సిన పనే లేదు. నాన్నగారికి ఈ ఒక్క విషయంలో మినహాయింపు ఇవ్వకండి. పార్కింగ్ లాట్‌లో రెండు చక్కర్లే అన్నా సరే, పట్టీలు వేశాకే.

ఇంకో దెబ్బ జేబుకి తగిలింది. ముందు టైర్లు రెండూ మూడొందల మైళ్లకే అరిగి లోపలి గుడ్డ కనిపించింది. తీసుకెళ్తే ఒక షాపులో గాలి తక్కువ పెట్టారన్నారు, కొత్త టైర్లు వేశారు, అవీ అరిగాయి. అసలు జబ్బు చక్రాల వరసలో ఉంది. కారుకి అలైన్‌మెంట్ చేయించినట్టే దీనికీ ముందు చక్రాలు రెండూ సమాంతరంగా ఉండాలి. లేదంటే ప్రతి గజానికీ టైరు పక్కకి రాసుకుంటూ పోతుంది. ఇంట్లోనే చూసుకోవచ్చు. ఇరుసు ఎత్తులో, రెండు చక్రాల రిమ్ముల మధ్య దూరం ముందువైపు ఒకసారి, వెనకవైపు ఒకసారి కొలవండి. రెండూ సమానంగా ఉండాలి, లేదా ముందు ఒకటి రెండు మిల్లీమీటర్లు తక్కువ ఉండొచ్చు. మీరు సీట్లో కూర్చుని వేరేవాళ్లతో కొలిపిస్తే ఇంకా మంచిది, బరువు పడ్డాక లెక్క మారుతుంది. తేడా ఉంటే చక్రాలని కలిపే టై రాడ్ నట్లు వదులుచేసి, రాడ్‌ని కొద్దికొద్దిగా తిప్పాలి. చాలా బళ్లలో ఒక చివర మర ఎడమచేతివైపు తిరిగేది ఉంటుంది, అది బిగుసుకుంటుంటే వదులవుతోందనుకుని నానా తంటాలు పడ్డాను. సెకండ్ హ్యాండ్ బండి కొంటే ఈ కొలత తీసుకోకుండా డబ్బివ్వకండి. అరగంట ఆలస్యమైతే అమ్మేవాడేం అనుకోడు.

తొక్కడం విషయానికొస్తే, ఎక్కడమే మొదటి పాఠం. పార్కింగ్ బ్రేక్ వేసి, పిక్కలు సీటుకి తగిలేదాకా వెనక్కి వచ్చి, పక్కలు పట్టుకుని కూర్చోవాలి. బూమ్ మీద కాలుమోపితే టాడ్‌పోల్ వెనక చక్రం పైకి లేస్తుంది. బ్రేకులు చాలావాటికి ముందు చక్రాలకే, ఒక్కో చేతికి ఒక్కోటి. ఒకటే నొక్కితే బండి ఆ వైపుకి లాగుతుంది. రెండూ సమానంగా పట్టేలా కేబుళ్లు సరిచూసుకోండి. మలుపులో బ్రేకు వేయడం కాదు, మలుపుకి ముందే వేగం తగ్గించి, తిరిగేవైపుకి ఒళ్లు వాల్చాలి. సైకిల్ అయితే తానే వాలుతుంది, ఇది వాలదు, మనమే వాలాలి. నేను ఓసారి వాలకుండా తిరిగితే లోపలి చక్రం గాల్లోకి లేచింది. పక్కన నడుస్తున్న ముసలావిడ "వావ్" అంది. అది మెచ్చుకోవలసిన పని కాదని ఆవిడకి తెలీదు. ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రం స్వర్గమే. చిన్న గేరు వేసుకుని, నడిచేవాళ్లకంటే మెల్లగా ఎక్కినా తూలదు. గేరు పెద్దది వేసి మోకాళ్లతో తోయకండి. వెనక సీటు ఆనుకుని ఉంది కదా, తెలీకుండానే బోలెడు బలం పెట్టేస్తాం.

కనిపించడం గురించి. మీ తల కారు డ్రైవర్ కళ్ల ఎత్తులో కూడా ఉండదు. రోడ్డు మీద కార్లవాళ్లు ఈ వింత బండిని చూసి బాగానే దూరం జరుగుతారు, నా అనుభవంలో సైకిల్‌కంటే ఎక్కువే. భయం పార్కింగ్ లాట్‌లో, ఇళ్ల ముందు డ్రైవ్‌వేల్లో. రివర్సులో వచ్చే ఎస్‌యూవీకి మీరు అస్సలు కనిపించరు. పొడుగు కర్రకి జెండా, పగలైనా వెనక మిణుకుమనే లైటు, రెండువైపులా అద్దాలు పెట్టుకోండి. ఆనుకుని కూర్చుంటే మెడ వెనక్కి తిరగదు. ఇక్కడ కార్లు మనకి ఎడమవైపునుంచి దాటుతాయి, మన దగ్గర కుడివైపునుంచి దాటడం అలవాటైన కళ్లు కొన్నాళ్లు తప్పు అద్దంలోకే పోతుంటాయి. వాషింగ్టన్ రాష్ట్ర చట్టం ప్రకారం చీకట్లో ముందు తెల్లలైటు, వెనక ఎర్ర రిఫ్లెక్టర్ తప్పనిసరి. పక్క లేన్‌లోకి మారే వీలు లేకపోతే కారు కనీసం మూడడుగులు వదిలి దాటాలి. రెడ్‌మండ్ ఉన్న కింగ్ కౌంటీలో హెల్మెట్ తప్పనిసరి అన్న నియమం 2022లో ఎత్తేశారు, అయినా పెట్టుకోండి.

నేర్చుకోవడానికి సమ్మామిష్ రివర్ ట్రైల్‌కి మించింది లేదు. రెడ్‌మండ్‌లో మేరీమూర్ పార్కు నుంచి బోతెల్ దాకా నదిపక్కనే, దాదాపు ఎత్తుపల్లాలు లేవు. బోతెల్ దాటితే పాత రైలుదారి మీద వేసిన బర్క్-గిల్మన్ ట్రైల్ తగులుతుంది. అటువైపు వారాంతం రద్దీ, వేళ్లు లేపిన తారు రెండూ ఉంటాయి, కొన్నాళ్లు ఆగి వెళ్లండి. ఈ ట్రైల్స్ మీద పరిమితి గంటకి పదిహేను మైళ్లు. మోటారు సాయం ఉన్నది కొనాలనుకుంటే క్లాస్ 1, అంటే మనం తొక్కుతుంటేనే మోటారు సాయపడే రకం, తీసుకోండి. అక్టోబరు నుంచి తడి ఆకులు, చెక్క వంతెనల మీద నాచు ఉంటాయి. మడ్‌గార్డులు లేకపోతే ముందు చక్రాల నీళ్లు మోచేతుల మీదే పడతాయి. మూడు చక్రాలు మూడు దారుల్లో పోతాయి కాబట్టి గుంత తప్పించడం సైకిల్ అంత తేలిక కాదు. ఒకటి తప్పిస్తే రెండోది పడుతుంది. ట్రైల్ మొదట్లో కార్లు రాకుండా పాతిన స్తంభాల మధ్య మెల్లగా దూరండి. కుక్కలు ముఖం ఎత్తులోనే ఎదురవుతాయి, కొన్ని నాకుతాయి కూడా.

నాన్నగారి విషయంలో రెండు మాటలు. కొనే ముందు ఒకసారి తొక్కి చూడనిచ్చే షాపుకో, బండి ఉన్న స్నేహితుడి దగ్గరకో తీసుకెళ్లండి. మా ఇంటికి తెచ్చినా సరే. విజిటర్ ఇన్సూరెన్సు కాగితాల్లో పాత జబ్బులకీ, ఆటల్లో తగిలే దెబ్బలకీ ఏం రాశారో ముందే చదవండి. మోకాలి డాక్టరుని అక్కడే హైదరాబాద్‌లోనో, విజయవాడలోనో అడిగి రమ్మనండి. ఇక్కడ ఆ ఒక్క ప్రశ్నకి అయ్యే బిల్లుతో మంచి సీటు కుషన్ వస్తుంది.

ఇరవై అంగుళాల టైర్లలో 406, 451 అని రెండు కొలతలున్నాయి, ఒకదాని టైరు ఇంకోదానికి పట్టదు. టైరు పక్కన రాసున్న అంకె చూసి స్పేర్ ట్యూబులు కొనండి. టాడ్‌పోల్ ముందు చక్రాలు ఒకవైపునుంచే ఇరుసుకి తగిలించి ఉంటాయి కాబట్టి చక్రం విప్పకుండానే ట్యూబు మార్చేయొచ్చు. మొన్న వానలో పంక్చర్ అయితే పక్కన గడ్డిలో కూర్చుని పది నిమిషాల్లో మార్చాను. ఆ పది నిమిషాల్లోనూ ఇద్దరు ఆగి, "ఆర్ యూ ఓకే?" అని అడిగారు. మూడో ఆయన, "ఎంతకి కొన్నారు?" అన్నాడు, మనవాడే.