నాకొచ్చింది టీబీ అని అమ్మాయి వాళ్లకి చెప్పినారు, ఇప్పుడు నేనేం చేసేదక్కా?

పలమనేరు దగ్గరి ఊరు, 28 ఏళ్ల అబ్బాయి. హాడ్జ్‌కిన్ లింఫోమా అనే, లింఫ్ గ్రంథుల్లో గడ్డలు కట్టే క్యాన్సర్, మూడో స్టేజ్. తిరుపతిలో రూం తీసుకుని పదిహేను రోజులకోసారి కీమో వేయించుకుంటున్నాడు. నాలుగు డోసులయినాక పెట్ స్కాన్ తీసి బాగుందన్నారంట, కానీ ఒక మందు ఆపేసినారంట. జబ్బు బయటపడక ముందే నిశ్చితార్థం అయిపోయింది, ఇంట్లో వాళ్లేమో అమ్మాయి వాళ్లకి టీబీ గడ్డలని చెప్పినారు. "రేపేమౌతానో తెలీని వాడికి పెళ్లెందుకు, నాకు ఇష్టం లేదని చెప్పేసి నేనే తెంపేసుకుంటే సరిపోదా అక్కా" అని అడుగుతున్నాడు.

తమ్ముడూ, పెళ్లి సంగతి తర్వాత, ముందు ఆ ఆపేసిన మందు గురించి మాట్లాడదాం, ఎందుకంటే "ఇంక లాభం లేదని ఆపేసినారేమో" అని రెండు చోట్ల రాసినావు, రాత్రిళ్లు నిన్ను నిద్ర పోనీయనిది అదేనని నాకనిపించింది. నేను డాక్టర్ని కాదు, నీ ఫైల్ చూడలేదు. కానీ నువ్వు రాసిన ఏబీవీడీ అనే కీమోలో నాలుగు మందులుంటాయి, వాటిలో బ్లియోమైసిన్ అనేదానికి ఊపిరితిత్తులను దెబ్బతీసే గుణం ఉంది, అందుకని నాలుగు డోసుల తర్వాత స్కాన్ శుభ్రంగా వస్తే దాన్ని తీసేసి మిగతా మూడింటితో నడిపించడం ఇప్పుడు చాలా చోట్ల చేసేదే. అంటే జబ్బు లొంగుతోంది, ఇంక నీ ఊపిరితిత్తులను ఎందుకు పాడుచేయాలి అని. నీ విషయంలో కూడా అదేనా కాదా అనేది మీ డాక్టరే చెప్పాల. ఏ మందు ఆపినారు, ఎందుకు ఆపినారు, నా డూవిల్ స్కోర్ ఎంత అని అడుగు. పెట్ స్కాన్‌లో జబ్బు ఎంత మిగిలిందో చెప్పే ఆ స్కోర్ 1 నుంచి 5 దాకా ఉంటుంది, 3 గానీ అంతకు తక్కువ గానీ ఉంటే మందు బాగా పనిచేస్తున్నట్టే లెక్క. ఓపీలో మనకిచ్చే టైమెంతో తెలిసిందే కదా, ప్రశ్నలు చీటీ మీద రాసుకుని పో, నీళ్లు నమలకుండా అడుగు.

మీ చిన్నాయనకి కూడా మూడో స్టేజే, ఆర్నెల్లలో పోయినాడు అని రాసినావు. ఆయనది ఊపిరితిత్తుల క్యాన్సర్, నీది లింఫోమా, రెండిట్లో స్టేజ్ నంబర్ ఒకటే అయినా లెక్క ఒకటి కాదు. లింఫోమాలో మూడో స్టేజ్ అంటే ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే పొరకు పైనా కిందా రెండు వైపులా గడ్డలున్నాయని. హాడ్జ్‌కిన్ అనేది నాలుగో స్టేజ్‌లో కూడా నయం చేయాలనే ఉద్దేశంతోనే ట్రీట్మెంట్ ఇచ్చే జబ్బు, నీ వయసు వాళ్లలో చాలామంది బయటపడుతున్నారు కూడా. ఐదేళ్ల తర్వాత ఎంతమంది బతికున్నారని ఇంటర్నెట్‌లో అర్ధరాత్రి చూసే ఆ అంకెలు కనీసం ఐదేళ్ల కిందట ట్రీట్మెంట్ మొదలుపెట్టిన వాళ్లవి, అరవై డెబ్బై ఏళ్ల పెద్దోళ్లను కూడా కలిపి వేసినవి, వాటిలో నీ పేరు వెతుక్కోవద్దు.

అయినా సరే, తిరిగి రాదని రాసిచ్చే వాళ్లు ఎవరూ లేరు, నేను కూడా రాసివ్వలేను. తిరిగొచ్చే కేసుల్లో ఎక్కువ మొదటి రెండు మూడేళ్లలోనే వస్తాయి, వచ్చినా వేరే కీమో, స్టెమ్ సెల్ ట్రాన్స్‌ప్లాంట్ లాంటి దారులున్నాయి, మీకు పక్కనే ఉండే వేలూరు సీఎంసీ ఆసుపత్రిలో 1986 నుంచి ట్రాన్స్‌ప్లాంట్లు చేస్తున్నారు. ఇది ఇప్పుడే పెట్టుకోవాల్సిన ఆలోచన కాదు, దారి మూసుకుపోదని తెలియడానికి చెప్తున్నా. ఇప్పటికి నీ భవిష్యత్తును పదేళ్లు, ఇరవై ఏళ్లు అని కొలవద్దు, ట్రీట్మెంట్ అయిపోయినాక ఒకటిన్నర రెండు నెలలకు తీసే స్కాన్ దాకా కొలువు చాలు. ఉద్యోగానికి సెలవు పొడిగించుకోవాలా, రూం ఖాళీ చేయాలా, అన్నీ ఆ తేదీ దాకానే నిర్ణయించుకో, ఆ తర్వాతవి ఆ రోజు చూసుకుందువు.

ఇంక పెళ్లి. మీ అమ్మ తెలివికి నాకు నవ్వు కూడా వచ్చింది, జుట్టు రాలిపోతే కొండకు పోయి మొక్కు తీర్చుకున్నాడని చెబుదాం అనిందంట కదా. నిజమే, తిరుపతిలో గుండు చూసి ఎవరూ ఎందుకని అడగరు. కానీ కనుబొమలు కూడా పలచబడతాయి, వాటికేం చెప్తారు? గడ్డల టీబీకి మామూలుగా ఆర్నెల్లు మాత్రలు మింగడమే కదా, పదిహేను రోజులకోసారి సెలైన్ ఎక్కించుకోవడం ఎందుకని ఎవరో ఒకరికి అనుమానం రాకపోదు, స్విమ్స్‌లోనో టాటా క్యాన్సర్ ఆసుపత్రిలోనో మీ రెండు ఊళ్ల వాళ్లు ఒక్కరన్నా ఎదురుపడకుండా ఉంటారా. చట్టం సంగతి కూడా ఉంది, ముఖ్యమైన విషయం దాచి ఒప్పించిన పెళ్లిని రద్దు చేయమని హిందూ వివాహ చట్టం 12వ సెక్షన్ కింద కోర్టుకు పోవచ్చు. అమ్మ మీద కోప్పడొద్దు, గడ్డలు కనపడితే ముందు టీబీ అనుకోవడం మన దగ్గర మామూలే, ఆమె ఆ మాటనే పట్టుకుని వేలాడుతోంది.

ఇష్టం లేదని చెప్పి తెంపేసుకోవడం మాత్రం నాకు నచ్చలేదు. నువ్వు త్యాగం అనుకుంటున్నావు, అమ్మాయికి మాత్రం తనలో ఏం లోపం చూసినాడో అనే ప్రశ్న మిగుల్తుంది, వాళ్ల ఊర్లో నలుగురూ నాలుగు మాటలంటారు. పైగా ఆమె తీసుకోవాల్సిన నిర్ణయాన్ని ఆమెకు తెలీకుండా నువ్వే తీసేసుకుంటున్నావు. రోజూ ఫోన్లో మాట్లాడుకుంటారంటివి, మరి ఆమెకే చెప్పు, పెద్దవాళ్ల కంటే ముందు. ఎక్కువ వద్దు, "నాకొచ్చింది టీబీ కాదు, లింఫోమా అనే క్యాన్సర్. ట్రీట్మెంట్ నడుస్తోంది, స్కాన్ బాగుంది, పూర్తిగా పోయిందో లేదో చివరి స్కాన్ దాకా తెలీదు. ముహూర్తం అప్పటిదాకా ఆపుదాం. ఈలోగా నువ్వు వద్దనుకున్నా నేను తప్పు పట్టను" అని చెప్పి ఊరుకో. వెంటనే జవాబు అడగొద్దు. ఆమె వద్దంటుందేమో, అది బాధే, చిన్న బాధ కూడా కాదు. వాళ్ల నాయన గట్టిగా అరిస్తే అరవనీ, అబద్ధం చెప్పింది మనమే కదా.

పిల్లల గురించి కూడా అడుగుతుంది, అడగాలి కూడా. ఏబీవీడీతో సంతానం శాశ్వతంగా పోయే ప్రమాదం తక్కువ, అయినా ట్రీట్మెంట్ అయినాక సెమెన్ టెస్ట్ ఎప్పుడు చేయించుకోవాలో, పిల్లల కోసం ఎన్నాళ్లు ఆగాలో మీ డాక్టర్ని సిగ్గుపడకుండా అడుగు.

డోసు వేసుకున్న మొదటి మూడు నాలుగు రోజుల్లో ఆమెతో ఈ మాటలు పెట్టుకోవద్దు, వాంతులతో నీరసంతో ఉన్నప్పుడు ఏది మాట్లాడినా చావు మాటల్లాగే వస్తాయి. రెండో వారంలో కొంచెం తేరుకున్నాక పెట్టుకో. ఆ రోజుల్లో ఇంకో జాగ్రత్త, జ్వరం 100.4 దాటితే పారాసిటమాల్ వేసుకుని పడుకోవద్దు, రాత్రి రెండు గంటలైనా నేరుగా ఎమర్జెన్సీకి పో, తెల్ల కణాలు తగ్గినప్పుడు ఇన్ఫెక్షన్ గంటల్లో ముదురుతుంది. భయం తట్టుకోలేక నిద్రే పట్టకపోతే 14416కి ఫోన్ చెయ్, టెలి మానస్ అని ప్రభుత్వానిదే, డబ్బులు పడవు, తెలుగులోనే మాట్లాడతారు.

అమ్మాయికి చెప్పే ముందు రోజు మీ అమ్మకు చెప్పు. ఏడుస్తుంది, ఒట్టు పెడుతుంది, పక్కన కూర్చుని విను. చెప్పొచ్చా అని మాత్రం అడగొద్దు, రేపు చెప్తున్నానమ్మా అని చెప్పు.