పైలట్ల వృత్తి నీతి గురించి అడిగారు కనుక

"మా తమ్ముడు పైలట్ శిక్షణలో చేరబోతున్నాడు. విమానం నడిపేవాళ్లకు వృత్తి నీతి, ప్రవర్తనా నియమాలు అంటూ ఏముంటాయి? తాగి డ్యూటీకి రాకూడదన్నది కాక ఇంకేమైనా ఉందా?" అని నల్లగొండ నుంచి ఒకరు అడిగారు. నేను దేవరకొండ దగ్గరి పల్లెలో పుట్టి, శంషాబాద్ నుంచి విమానాలు నడుపుతున్నవాడిని. నియమాల పుస్తకం ఎవరైనా చదివి చెప్పగలరు కనుక, పుస్తకం చదివితే అర్థం కాని సంగతి ఒకటి చెబుతాను.

తాగుడు విషయం ముందే ముగిస్తాను, ఎందుకంటే ఈ వృత్తిలో పాటించడానికి అన్నిటికంటే సులువైన నియమం అదే. విమానం నడపడానికి 12 గంటల ముందు నుంచి మద్యం ముట్టకూడదు. బయలుదేరే ముందు బ్రెత్ అనలైజర్‌లో ఊదితే అంకె సున్నా రావాలి. మొదటిసారి దొరికితే లైసెన్సు మూడు నెలలు, రెండోసారి దొరికితే మూడేళ్లు సస్పెండ్ చేస్తారు, మూడోసారికి రద్దే. 2023లో ఈ నిబంధనను సవరించినప్పుడు మద్యం కలిసిన మౌత్‌వాష్, టూత్ జెల్ కూడా వాడవద్దన్నారు. ఇంత కట్టుదిట్టమైన చోట పైలట్ తాగకుండా రావడం అతని నీతి వల్లనో, దొరికిపోతానన్న భయం వల్లనో ఎవరూ తేల్చి చెప్పలేరు. నా లెక్కలో వృత్తి నీతి ఏ యంత్రమూ కొలవలేని చోట మొదలవుతుంది, వాటిలో మొదటిది నిద్ర.

కొన్నేళ్ల కిందట మా పెద్దనాన్న పోయారు. నన్ను చదివించింది ఆయనే. సెలవు పెట్టి ఊరికి వెళ్లాను. దహనం అయిన రాత్రి తెల్లవార్లూ భజన జరిగింది. హార్మోనియం ఆగినప్పుడల్లా ఎవరో ఒక ఆడమనిషి ఏడుపు అందుకునేది, ఆ ఏడుపు తగ్గగానే మళ్లీ భజన మొదలయ్యేది. మరునాడు వచ్చేపోయే చుట్టాలు, వంట గిన్నెలు, పంచాయితీలు. రాత్రి వాకిట్లో వరుసగా చాపలు పరిచి అందరం ఒరిగాము కానీ, నిద్రపోయిన వాళ్లు చిన్నపిల్లలు మాత్రమే. మూడో రోజు పిట్టకు పెట్టే రోజు. ఆయనకు ఇష్టమైనవన్నీ వండి విస్తరిలో పెట్టి, ఎండలో దూరంగా నిలబడితే కాకి ఎంతకూ రాదు. "పెద్దనాయిన మనసుల ఏదో ఉన్నది" అని ఒకరు, "భూమి పంపకం సంగతే" అని ఇంకొకరు. మా అన్న విస్తరి ముందు నిలబడి "నువ్వు చెప్పినట్టే చేస్త నాయినా" అని మొక్కిన తరువాత, ఆ మాటకో, మేము ఇంకాస్త వెనక్కి జరిగినందుకో, ఒక కాకి వచ్చి మాంసం ముక్క ఎత్తుకుపోయింది. అప్పటికి పొద్దు వాలింది. మరునాడు తెల్లవారుజామున నాకు విమానం ఉంది.

ఇంటికి రాగానే కల్లు ముంతలు వచ్చాయి. మా మేనమామ నా చేతికి ఒకటి అందించి, "ఇది మందు గాదు కొడుకా, తాటికల్లు. నీళ్ల లెక్కనే ఉంటది, పోయినోని పేరు మీద నోట్ల ఓ చుక్క ఏసుకో" అన్నారు. పొద్దున ఊదాలి మామా అంటే నవ్వి ఊరుకున్నారు. చావింట్లో ముంత కాదనడం మర్యాద కాకపోయినా, ఊదే గొట్టం ఉంది కనుక నా కాదనడాన్ని అందరూ ఒప్పుకున్నారు. ఇబ్బంది ఆ తరువాత వచ్చింది. శంషాబాద్‌కు బయలుదేరేలోపు మరునాటి సర్వీసు కాగితాలు ఒకసారి చూద్దామని ట్యాబ్ తెరిచాను. మేము దిగవలసిన విమానాశ్రయంలో ఏ రన్‌వే ఎంతసేపు మూసి ఉంటుందో చెప్పే నోటామ్ అది. ఒక్క పంక్తి. చదివాను, ట్యాబ్ పక్కన పెట్టి మనసులో చెప్పుకోబోతే రన్‌వే సంఖ్య రాలేదు. మళ్లీ చదివాను. ఈసారి సంఖ్య నిలిచింది, సమయం జారిపోయింది. రోజూ కళ్లు మూసుకుని చేసే పని అది.

పెరట్లో బోరు దగ్గరైతే సిగ్నల్ అందుతుంది. అక్కడికి వెళ్లి ఎవరు ఏ రోజు ఏ విమానం నడపాలో నిర్ణయించే సంస్థ రోస్టర్ విభాగానికి ఫోన్ చేసి, "నేను రేపు పొద్దున విమానం నడిపే స్థితిలో లేను, నిద్ర లేదు, ఇంకొకరిని చూసుకోండి" అన్నాను. అటువైపు ఉన్న అబ్బాయి చాలా మర్యాదగా మాట్లాడాడు. "సార్, మీరు సెలవులో ఉన్నారు కదా, సిస్టమ్‌లో మీకు పూర్తి రెస్ట్ చూపిస్తోంది" అన్నాడు. చూపిస్తుంది మరి. డ్యూటీ లేని ప్రతి గంటనూ విశ్రాంతి కింద జమ కట్టడమే దానికి తెలుసు. భజన, ఏడుపు, రాని కాకి దాని లెక్కలోకి ఎక్కడ వస్తాయి? నేను పట్టు వదలకపోయేసరికి అతడు నాకు మేలు చేస్తున్నానన్న నమ్మకంతోనే, "సార్, ఫెటీగ్, అంటే అలసట అని పెడితే పైవాళ్లు వివరణ అడుగుతారు. జ్వరమని పెట్టేస్తాను, ఎవరూ పట్టించుకోరు" అన్నాడు.

మీ తమ్ముడికి చెప్పవలసింది ఈ చోటనే ఉంది. జ్వరమని రాయిస్తే ఆ రాత్రికి నాకూ, అతనికీ, సంస్థకూ సుఖమే. విమానం కూడా సురక్షితమే, ఎందుకంటే నేను నడపడం లేదు. కానీ అలసిన పైలట్లందరూ కాగితం మీద జ్వరం తెచ్చుకుంటూ పోతే, ఏ రోస్టర్ మనుషులను ఎంత అలసగొడుతున్నదో ఏ రికార్డులోనూ కనబడదు. ఏడాది చివర లెక్క తీస్తే సంస్థలో అలసట అన్నదే లేనట్టు తేలుతుంది. అందుకని "ఫెటీగ్ అనే రాయండి" అన్నాను. పిలిస్తే రావడానికి సిద్ధంగా స్టాండ్‌బైలో ఉన్న కెప్టెన్ ఆ విమానం తీసుకుపోయాడు. నేను వాకిట్లో పిల్లల పక్కన పడుకుని, ఎవరు లేపినా లేవకుండా నిద్రపోయాను.

వివరణ అడగనే అడిగారు. సెలవులో ఉన్నవాడికి అలసట ఎట్లా వచ్చిందని పై అధికారి నిజంగానే ఆశ్చర్యపోయాడు. మన దగ్గర చాలా సంస్థల్లో పైలట్ జీతం నడిపిన గంటలతో ముడిపడి ఉంటుంది కనుక, ఆ నెల జీతంలో కొంత తగ్గింది కూడా. ఊళ్లో మాత్రం ఇది గొప్ప వింతగా చెప్పుకున్నారు. మిర్యాలగూడ మిల్లుల నుంచి బియ్యం లారీ నడిపే మా చిన్నాయన కొడుకు, "మాకు నిద్రొస్తే డాబా కాడ ఆపి మొకం కడుక్కొని, చాయ తాగి మళ్ల ఎక్కుతం. రానని ఫోన్ల చెప్తే ఊకునే ఓనర్ యాడుంటడన్నా?" అన్నాడు. అతని మాటలో న్యాయం ఉంది. లారీ తోలేవాడికి లేని హక్కు నాకు చట్టం ఇచ్చినప్పుడు, దాన్ని మొహమాటం వల్ల వాడకపోవడం తప్పేనని అప్పుడు నాకు గట్టిగా అనిపించింది.

ఇది నా ఒక్కడి పట్టుదల అనుకుంటారేమో. 2010 మే 22న దుబాయి నుంచి వచ్చి మంగళూరులో దిగబోయిన విమానం రన్‌వే దాటి లోయలో పడి 158 మంది చనిపోయారు, ఎనిమిది మందే బతికారు. ఆ ప్రయాణంలో కెప్టెన్ చాలాసేపు నిద్రపోయాడని, కాక్‌పిట్ వాయిస్ రికార్డర్‌లో గురక కూడా వినిపించిందని విచారణ తేల్చింది. నిద్ర లేచిన మనిషి మెదడు వెంటనే తేరుకోదు. దిగవలసిన ఎత్తు కంటే ఎక్కువ ఎత్తులో, ఎక్కువ వేగంతో రన్‌వే మీదికి వస్తుంటే కో-పైలట్ గో అరౌండ్ చేయమని మూడుసార్లు అన్నాడు, అంటే దిగడం మానుకుని మళ్లీ పైకి లేపమని. కెప్టెన్ వినలేదు. 2020 ఆగస్టు 7న కోళిక్కోడ్‌లో వానలో జరిగిన ప్రమాదంలోనూ కో-పైలట్ ఆ మాట అన్నాడు, అక్కడా కెప్టెన్ దించడానికే చూశాడు. పెద్దవాళ్లు చేస్తున్న పనికి అడ్డు చెప్పకూడదని పెరిగిన మనలాంటి వాళ్లు ఈ రెండు నివేదికలూ ఒకటికి రెండుసార్లు చదవాలి. ఊళ్లో దొర ముందు చేతులు కట్టుకుని నిలబడిన తాతల మనుమలం మనం. కెప్టెన్‌ను సార్ అంటూనే ఆయన చేతిలోంచి కంట్రోల్స్ తీసుకోవడం మనకు సిమ్యులేటర్‌లో నేర్పినంత సులువుగా ఒంటబట్టదు.

అలసట దగ్గరికే వస్తాను. 2009 ఫిబ్రవరి 12న అమెరికాలో బఫెలో దగ్గర ఒక చిన్న విమానం కూలి, నేల మీద ఉన్న ఒకరితో కలిపి 50 మంది పోయారు. అందులోని కో-పైలట్ యువతి ఆ దేశం పడమటి కొస నుంచి రాత్రంతా వేరే విమానాల్లో ప్రయాణించి డ్యూటీకి వచ్చింది; జలుబు కూడా ఉంది. ఇప్పుడు ఒంట్లో బాగోలేదని చెబితే తగ్గేదాకా తన డబ్బుతో హోటల్లో ఉండాలన్న అర్థం వచ్చే మాట ఆమె కాక్‌పిట్‌లో అన్నది రికార్డయింది. హోటల్ ఖర్చుకు వెనకాడిందని ఆమెను తిట్టడం తేలిక. ఆమె జీతమెంతో తెలుసుకున్నాక ఆ తిట్టు గొంతులోనే ఆగిపోతుంది. 2015 మార్చి 24న ఫ్రాన్స్‌లోని ఆల్ప్స్ కొండలకు విమానాన్ని గుద్ది, తనతో కలిపి 150 మంది ప్రాణాలు తీసిన కో-పైలట్ సంగతి వేరే రకం, అది నేరం. అయితే అతడూ డ్యూటీకి తగడని డాక్టరు రాసిచ్చిన కాగితాన్ని సంస్థకు చూపలేదు, చింపిన ముక్కలు ఇంట్లో దొరికాయి. "ఈ రోజు నేను తగను" అని చెబితే లైసెన్సు, జీతం, పేరు మూడూ పోతాయన్న భయం అందరిలోనూ ఒకటే.

మన దగ్గర నియమాలు మారలేదని అనను. 2025 జూలై నుంచి వారానికి ఇచ్చే విశ్రాంతిని 36 గంటల నుంచి 48 గంటలకు పెంచారు. నవంబరు నుంచి రాత్రివేళ చేసే ల్యాండింగ్‌లను ఆరు నుంచి రెండుకు తగ్గించారు. ఆ తరువాత డిసెంబరులో దేశంలో అన్నిటికంటే పెద్ద సంస్థకు పైలట్లు చాలక వేల విమానాలు రద్దయ్యాయి, చివరికి ఆ సంస్థకు కొత్త నియమాల నుంచి తాత్కాలిక సడలింపు ఇచ్చారు. శంషాబాద్‌లో సూట్‌కేసుల మీద కూర్చున్న జనం కోపం చూశాను. ఆ కోపంలో సగమైనా, విశ్రాంతి నియమం వస్తున్నదని ముందే తెలిసి మనుషులను తీసుకోని వాళ్ల మీదికి పోలేదన్నది నా బాధ.

జనానికి, టీవీ వాళ్లకు కంటికి కనిపించే తప్పులంటేనే ఇష్టం. 2023 హోళీ రోజు కాక్‌పిట్‌లో కాఫీ కప్పు, కజ్జికాయ పెట్టుకున్న ఇద్దరు పైలట్ల ఫొటో దేశమంతా తిరిగింది. అదే ఏడాది ఫిబ్రవరిలో దుబాయి నుంచి ఢిల్లీ వస్తున్న విమానంలో స్నేహితురాలిని కాక్‌పిట్‌లోకి రానిచ్చిన పైలట్ లైసెన్సును మూడు నెలలు సస్పెండ్ చేసి, సంస్థకు 30 లక్షల రూపాయల జరిమానా వేశారు. రెండూ తప్పులే, శిక్షలూ సరైనవే. ఇంత జరిగినా మా చుట్టాల్లో ఎవరు విమానం ఎక్కినా "ఒక్కసారి ముందట కూసోనియ్యరాదూ, ఫొటో దిగుత" అని ఫోన్ వస్తూనే ఉంటుంది. కుదరదంటే పెళ్లిళ్లలో మొహం తిప్పుకున్నవాళ్లూ ఉన్నారు. ఈ తప్పులన్నీ కెమెరాకు దొరుకుతాయి. తెల్లవారుజామున నాలుగింటికి కళ్లు తెరిచే ఉండి మనసు మూతపడిన పైలట్‌ను ఏ కెమెరా పట్టుకుంటుంది?

శిక్షణలో చేరేవాడికి మొదటి పరీక్ష లాగ్ బుక్‌లో వస్తుంది. కమర్షియల్ లైసెన్సుకు 200 గంటలు ఎగరాలి. వాన పడుతుంది, విమానం మరమ్మతుకు పోతుంది, ఫీజు మాత్రం ఆగదు. అప్పుడు ఎగరని గంటలను పెన్నుతో ఎగిరేద్దామని పక్కవాడెవడో అంటాడు. ఆ అలవాటు పడినవాడు తరువాత పెద్ద సంస్థలో చేరి, ఒక రాత్రి తన అలసట గురించి నిజం రాస్తాడని నేను నమ్మను. 2011లో నకిలీ మార్కుల పత్రాలతో లైసెన్సులు తెచ్చుకున్నవాళ్లు బయటపడి అరెస్టయినప్పుడు అందరూ ముక్కున వేలేసుకున్నారు గానీ, నాకు అంత ఆశ్చర్యం కలగలేదు.

అన్నిటికంటే ముఖ్యంగా డబ్బు సంగతి చూసుకోండి. మన వైపు పిల్లలు భూమి అమ్మో, ఇల్లు తాకట్టు పెట్టో ఈ చదువుకు వస్తారు. లైసెన్సు వచ్చాక కూడా ఫలానా విమానం నడపడానికి వేరే శిక్షణ, దానికి వేరే ఖర్చు. వాయిదా నెత్తి మీద ఉన్న కుర్రవాడు నెల చివర ఒంట్లో బాగోకపోయినా యూనిఫాం వేసుకుంటాడు, వాడి స్థానంలో నేనున్నా వేసుకునేవాడినేమో. అందుకని అప్పు తీసుకునే ముందు తమ్ముడి ఒక నెల గంటలు పూర్తిగా పోయినా వాయిదా కట్టగలిగేటట్టు లెక్క వేసుకోండి. ఉద్యోగం వచ్చినప్పుడు, ఫెటీగ్ అని చెప్పిన రోజుకు జీతం కోస్తారా లేదా అన్నది సంతకం పెట్టకముందే అడిగి తెలుసుకోమనండి.