పార్కింగ్ నేల గురించి బుజ్జమ్మకి పెద్దనాయన రాసేది

బుజ్జమ్మా,

నువ్వు వాట్సాప్‌లో పంపిన మూడు టైల్స్ ఫొటోలు చూసినా. ఏది వేయమంటావ్ పెద్దనాయనా అని అడిగావు, మూడూ బాగున్నాయి తల్లీ, కానీ టైల్ సంగతి తర్వాత, ముందు దాని కింద ఏముందో నాకు చెప్పు. ఫోన్లో చెప్తే సగం మర్చిపోతావ్, అల్లుడు గారు కూడా చదవాలి కాబట్టి తీరిగ్గా కూర్చుని టైప్ చేస్తున్నా, పొడుగైనా చివరిదాకా చదువు, మీ మేస్త్రీకి కూడా చదివి వినిపించు.

హాల్లో నేల మీద మనుషులు నడుస్తారు, పార్కింగ్‌లో బండి నిలబడుతుంది, ఈ రెండిటికీ పొంతన లేదు. అల్లుడు గారు కొన్న బండి ఒకటిన్నర టన్ను ఉంటుంది కదా, అది నాలుగు చక్రాల మీద నిలబడితే ఒక్కో చక్రం నేలకి తగిలే జాగా నీ అరచెయ్యి కంటే కొంచెం పెద్దది, అంతే. అంటే అంత చిన్న జాగా మీద దగ్గర దగ్గర 400 కిలోలు, అదీ రోజూ అదే గీత మీద, పైగా నిలబడ్డ చోటే స్టీరింగ్ తిప్పితే టైరు నేలని రుద్దేస్తుంది. కింద ఎక్కడన్నా బోలుగా ఉంటే పైన ఎంత ఖరీదైన టైల్ వేసినా పగలక తప్పదు.

నంద్యాల ఇల్లు 2011లో కట్టినా, నీకు గుర్తుండే ఉంటది, అప్పుడు నువ్వు ఇంటర్. 20 ఏళ్లు జనాల ఇళ్లు కట్టించినవాణ్ణి, నా ఇంటికొచ్చేసరికి ముహూర్తం తరుముకొచ్చింది. పునాది తవ్విన నల్లమట్టే తీసుకొచ్చి పోర్టికోలో నింపేసినారు, నేను ఆ వారం వేరే సైట్లో ఉన్నా, వచ్చి చూసేసరికి పైన చక్కగా చదును చేసి ఉంది. తవ్వించాల్సింది. తవ్వించలా. గృహప్రవేశానికి నాలుగు రోజుల ముందు టైల్స్ వేసినారు, షామియానా వాళ్ల ట్రాలీ తిన్నగా లోపలికొచ్చింది, అప్పుడే రెండు టైల్స్ మూలలు లేచిపోయినాయి. రెండో వానాకాలం దాటేసరికి ఎడమ చక్రం గీత పొడుగునా నేల వేలెడు కుంగింది, అందులో నీళ్లు నిలవడం, దోమలు, ఆ నీళ్లు మళ్లీ కిందికి ఇంకి ఇంకాస్త కుంగడం. మొత్తం పీకించి మళ్లీ వేయించేదానికి మొదట అయిన ఖర్చు కంటే ఎక్కువైంది. నీకు అది జరగొద్దనే ఇంత రాస్తున్నా.

మీ నరసరావుపేటది కూడా మా నంద్యాల లాగా నల్లరేగడే కదా. ఆ మట్టి నీళ్లు తాగితే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి బీటలిస్తుంది, ఎండాకాలం పొలంలో బీటలు చూసినావు కదా, అదే మట్టి నీ పార్కింగ్ కింద ఉంటే అది అక్కడా అదే పని చేస్తుంది. అందుకని పార్కింగ్ జాగాలో నల్లమట్టి కనీసం రెండడుగులు తీయించేసి బయట పారబోయించు, పునాదుల్లోంచి వచ్చిన మట్టి ఒక్క తట్ట కూడా వెనక్కి పోయనీయొద్దు. దాని బదులు గ్రావెల్, అంటే మొరం తోలించు. ఒకేసారి లారీ లారీ దింపేసి పైన చదును చేస్తామంటారు, ఒప్పుకోవద్దు. అర అడుగు పోయాలి, నీళ్లు కొట్టాలి, దిమ్మిస వేయాలి లేదా ప్లేట్ కంపాక్టర్, అంటే నేల అదిమే మెషిన్ అద్దెకి తెచ్చి తిప్పాలి, మళ్లీ అర అడుగు. అంతా అయినాక గడ్డపార తీసుకుని నువ్వే నాలుగైదు చోట్ల గట్టిగా పొడిచి చూడు, బెత్తెడు లోతు దిగిందంటే అక్కడ దిమ్మిస పడలేదని లెక్క. గోడ మూలల్లో ముఖ్యంగా చూడు, అక్కడికి మెషిన్ పోదు, చేత్తోనే కొట్టాలి, పనోళ్లు వదిలేసేది అక్కడే. చెదల మందు కూడా ఈ దశలోనే కొట్టించేయ్.

నేల మూసేముందు కరెంటు వైర్లు పోయే పైపులు. కారు చార్జింగ్‌కి ఒక పైపు మెయిన్ బోర్డు దగ్గర్నుంచి పార్కింగ్ గోడ దాకా ఇప్పుడే వేయించు, ఇవాళ పెట్రోల్ బండి అయినా రేపు కరెంటు బండి కొనరని ఏముంది. గేటు లైట్లకి ఇంకొకటి. ఖాళీగా ఉన్నా నష్టం లేదు, తర్వాత నేల కోయాల్సి వస్తే అప్పుడు తెలుస్తుంది దాని విలువ.

ఇక సంపు. మీ ప్లాన్‌లో సంపు సరిగ్గా పార్కింగ్ మధ్యలో ఉంది, నాకు నచ్చలా. ఇంకా తవ్వలేదంటున్నావు కాబట్టి ప్రహరీ వైపు జరిపించు. మూత చక్రాల దారిలో ఉంటే ఎంత గట్టి మూత అయినా ఏదో ఒక రోజు ఊగడం మొదలవుతుంది, పోనీ అని నేలకి సమానంగా పెడితే బండి కడిగిన సబ్బునీళ్లు, ఆయిలు అన్నీ తాగే నీళ్లలోకే పోతాయి. పక్కకి ఉంటే మూత చుట్టూ రెండంగుళాలు ఎత్తు కట్టుకోవచ్చు. ఈ ఒక్క విషయంలో ఆర్కిటెక్ట్ కాదన్నా నువ్వు గట్టిగా నిలబడు.

గ్రావెల్ మీద కాంక్రీట్ 4 అంగుళాలు, సిమెంటు, ఇసుక, కంకర 1:2:4 పాళ్లు, మీది నల్లరేగడి నేల కాబట్టి 8 ఎంఎం కడ్డీల జాలీ కూడా వేయించు. వేసిన మర్నాడు మట్టితో చిన్న చిన్న మడులు కట్టి నీళ్లు నిలబెట్టాలి. ఇప్పుడొచ్చే సిమెంటు ఎక్కువగా పీపీసీ, అంటే బూడిద కలిపిన రకం కదా, దానికి 10 రోజులన్నా తడి ఆరకూడదు. పొద్దున ఒకసారి పైపు పట్టి, వాటరింగ్ అయిపోయింది సార్ అంటారు, మీ ఎండలకి పదింటికల్లా అది తెల్లగా ఆరిపోతుంది. మడి కడితే ఆ గొడవ లేదు, నీళ్లు కనిపిస్తున్నాయా లేదా చూస్తే చాలు.

వాటం, అంటే నీళ్లు పోయే వాలు సంగతి కాంక్రీట్ రోజే తేల్చాలి. పైన టైల్ వేసేటప్పుడు మాలు, అదే సిమెంటు ఇసుక కలిపింది, ఎక్కువ తక్కువ వేసి సర్దుతాం అంటారు, అట్ల సర్దిన చోటే తర్వాత పగిలేది. మీ పార్కింగ్ 18 అడుగుల పొడుగు కదా, ఇంటి గోడ దగ్గర్నుంచి గేటు వైపుకి దాదాపు రెండున్నర అంగుళాలు పల్లం ఉంటే సరిపోతుంది, నడిచేవాళ్లకి తెలీదు, నీళ్లకి మాత్రం తెలుస్తుంది. గేటుకి లోపలి పక్క అడ్డంగా చిన్న కాలువ, దాని మీద ఇనప జాలీ, ఆ జాలీ చేత్తో ఎత్తేటట్లు ఉండాలి, సిమెంటుతో బిగించేస్తే ఆకులు పడి మూసుకుపోయినప్పుడు ఏం చేయలేం. ర్యాంప్ కూడా గేటు లోపలే తేలిపోయేటట్లు చూసుకోండి, రోడ్డు మీదకి, మునిసిపాలిటీ కాలువ మీదకి పెంచొద్దు, రేపు వాళ్లొచ్చి కొట్టేస్తే అడగడానికి మనకి హక్కుండదు.

ఇప్పుడు నీ టైల్స్ దగ్గరికి వస్తా. ఆ మెరిసే గ్రానైట్ ఫొటో ఉంది చూడు, అది వద్దు. మా ర్యాంప్‌కి నేను పాలిష్ గ్రానైటే వేయించినా, ఒక కార్తీక సోమవారం తెల్లారుజామున పెద్దమ్మ కల్లాపి బిందెతో జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది, ఇప్పటికీ చలికాలం వస్తే ఆ చెయ్యి నొప్పంటుంది. మీ ఇంట్లో మీ అత్తగారు కర్ర పట్టుకుని నడుస్తారు, చిన్నోడు ఆగకుండా పరిగెడతాడు, పార్కింగ్ దాటకుండా ఇంట్లోకి దారి లేదు. కాబట్టి తడిసినా కాలు పట్టే నేల కావాలి. గ్రానైటే కావాలని అల్లుడు గారికి ఉంటే ఫ్లేమ్డ్ ఫినిష్ తీసుకోండి, మంటతో కాల్చి పైన గరుకు చేసింది, అది జారదు.

రెండోది పార్కింగ్ టైల్, అది మంచిదే, పైన గళ్లున్న డిజైన్ కాబట్టి పట్టు ఉంటుంది. దుకాణంలో డిజైన్ చూడకముందు మందం చూడు, 10 ఎంఎం నుంచి 16 ఎంఎం దాకా దొరుకుతాయి, మీ బండికి మందంగా ఉన్నదే తీసుకో. మరీ లోతు గాడులున్నవి వద్దు, దుమ్ము అందులో కూర్చుంటే తుడవలేక పనిమనిషి, నువ్వు ఇద్దరూ విసుక్కుంటారు.

మూడోది నాపరాయి, నన్నడిగితే మాత్రం అదే. మా బేతంచెర్ల పక్క ఇంటి నేల నుంచి కప్పు దాకా ఈ రాళ్లతోనే కట్టిన ఇళ్లున్నాయి. మీకు మాచర్ల రాళ్లు దగ్గర, హైదరాబాద్ వైపు వాళ్లయితే తాండూరు వేసుకుంటారు. పార్కింగ్‌కి అంగుళం పైన మందం ఉన్నవి, పైన పాలిష్ పట్టకుండా సహజంగా ఉన్న రఫ్ మొహంవి తీసుకో, అంచులు మాత్రం మెషిన్ కటింగ్ ఉండాలి, అప్పుడే జాయింటు సన్నగా వస్తుంది. రాయి కొనేటప్పుడు ఒక్కొక్కటి నిలబెట్టి సుత్తి కాడతో చిన్నగా తట్టించు, కంగుమని మోగితే మంచిది, మొద్దుగా పలికితే లోపల పొరలు విడిపోయినట్లు, పక్కన పెట్టేయమను. మీ తాతగారింటి వసారాలో నాపరాళ్లు 50 ఏళ్ల నుంచి ఉన్నాయి, వాటి మీద వడ్ల బస్తాలు దొర్లించినారు, పెళ్లిళ్లకి గాడిపొయ్యిలు పెట్టినారు, ఇప్పుడు మీ బాబాయ్ ట్రాక్టర్ పెడతాడు. ఒకటి పగిలినా అదొక్కటి తీసి ఇంకొకటి వేయొచ్చు, అదే టైల్ అయితే పదేళ్ల తర్వాత ఆ డిజైన్ ఎక్కడ దొరుకుతుంది చెప్పు.

మీ అన్న డాలస్ నుంచి వాళ్ల గ్యారేజీ ఫొటో పంపి ఎపాక్సీ పూత వేయించుకోమన్నాడంట. వాడిది నాలుగు వైపులా మూసిన గది, ఎండ పడదు. మనది ముందు వైపు తెరిచిన పోర్టికో, ఎండకి ఎపాక్సీ పసుపు రంగుకి తిరిగిపోతుంది, కింద నుంచి చెమ్మ వస్తే పొరలు పొరలుగా లేస్తుంది. అయినా వేయాలనుకుంటే కాంక్రీట్ వేసి 28 రోజులు ఆగి, అడుగున్నర పాలిథిన్ ముక్క నాలుగు వైపులా టేపుతో అంటించి ఒక రోజంతా వదిలేయండి, మర్నాడు తీసి చూస్తే కవరు లోపల తేమ పట్టినా, కింద కాంక్రీట్ నల్లబడినా ఆ ఆలోచన మానుకోవడమే.

ఏది వేసినా వేసే పద్ధతి ఒకటుంది, అది నువ్వు దగ్గరుండి చూడాలి. మేస్త్రీలు తొందర్లో టైల్ మధ్యలో ఒక ముద్ద, మూలలకి నాలుగు ముద్దలు మాలు పెట్టి అదిమేస్తారు, పైకి లెవెల్‌గానే కనిపిస్తుంది, కానీ ముద్దకీ ముద్దకీ మధ్య గాలే. చక్రం ఆ గాలి మీద ఎక్కితే టప్పుమంటుంది. మాలు నిండా పరవాలి. వేసిన మూడో రోజు ఒక ఇనప కడ్డీ తీసుకుని ప్రతి రాయినీ నాలుగు మూలలా, మధ్యలో తట్టుకుంటూ పో, గట్టి చోట టక్ టక్ అంటది, డొల్ల చోట గొంతు మారిపోతుంది, చిన్నపిల్లకి కూడా తెలిసిపోతుంది. డొల్ల పలికిన వాటి మీద సుద్దతో గుర్తు పెట్టి, డబ్బులిచ్చే ముందే తీయించి మళ్లీ వేయించు. ఆ తర్వాత రెండు వారాలు బండి బయటే. గృహప్రవేశం ముహూర్తం దాన్నిబట్టి పెట్టుకోండి లేదా పార్కింగ్ పని గృహప్రవేశం అయినాక పెట్టుకోండి, రెంటికీ మధ్యలో మాత్రం ఇరికించొద్దు.

పని అయిపోయినాక సిమెంటు మరకలు పోవాలని యాసిడ్ పోసి కడుగుతామంటారు. నాపరాయి సున్నపురాయి తల్లీ, యాసిడ్ పడితే బుసబుసా పొంగి రాయి మొహమే పోతుంది. తడి గోనెపట్టాతో ఎప్పటికప్పుడు తుడిపించు, యాసిడ్ సీసా ఇంట్లోకే రానీయొద్దు. ఇందాక చెప్పడం మర్చిపోయా, కొత్త బండి పూజకి టైర్ల కింద నిమ్మకాయలు పెడతాం కదా, ఆ రసం కూడా అంతే, రాయి మీద తెల్లటి మచ్చ పడిపోతుంది, మా పక్కింటి వాళ్ల నల్ల కడప రాయి మీద నాలుగు చక్రాల దగ్గరా నాలుగు మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి. పూజ రోడ్డు మీద చేసి లోపలికి తెచ్చుకోండి, లేదా తొక్కించిన వెంటనే నీళ్లు కొట్టేయండి.

ఆయిల్ కారితే నీళ్లు పోయొద్దు, నీళ్లు పోస్తే మరక పెద్దదవుతుంది. ముగ్గుపిండి గానీ పొడి సిమెంటు గానీ మందంగా చల్లి రాత్రంతా వదిలేసి పొద్దున చీపురుతో ఊడ్చేయ్, మిగిలింది సబ్బుపొడి ముద్దతో బ్రష్ పెట్టి రుద్దితే చాలావరకు పోతుంది. అసలు ఆయిల్ ఎందుకు కారుతోందో అల్లుడు గారిని బండి చూపించమను. స్కూటీ సైడ్ స్టాండ్ కింద ఒక రబ్బరు ముక్క పడేసి ఉంచు, రోజూ అదే చోట పొడిస్తే ఎంత టైల్ అయినా పెచ్చు లేస్తుంది. ఏటా మృగశిర కార్తె లోపే జాయింట్లు ఒకసారి చూసి, సిమెంటు ఊడిన చోట పాయింటింగ్ చేయించు, అంటే సందుల్లో మళ్లీ సిమెంటు నింపించు, నీళ్లు దిగేది, చీమలు మట్టి తోడేది అక్కడి నుంచే. నీడ పక్క వానాకాలం పాచి పడితే బ్లీచింగ్ చల్లి కొబ్బరి చీపురుతో రుద్దించు. ర్యాంప్ మీద ఎనామెల్ పెయింట్‌తో పర్మనెంట్ ముగ్గు వేయిస్తానని అన్నావంట మీ అమ్మతో, వద్దమ్మా, తడిస్తే అది కూడా పాలిష్ గ్రానైట్ లాగే జారుతుంది, పిండిముగ్గు పెట్టుకో, లేదా గేటు పక్కన నడవని చోట వేయించుకో.

గ్రావెల్ తోలే రోజు ఎప్పుడో రెండు రోజుల ముందు చెప్పు. గుంటూరు రైలెక్కితే మీ ఊళ్లోనే దిగుతా, పెద్దమ్మ కూడా వస్తానంటోంది. నా లెవెల్ పైపు, తట్టే కడ్డీ రెండూ సంచిలో పెట్టి ఉంచినా.

పెద్దనాయన