టెక్ సందేహాలు: డేటాబేస్ అనుమతులు గ్రూపు పేరిటే ఉండాలి

ప్రశ్న: మా సంస్థలో పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ డేటాబేస్‌ను పాతిక మంది దాకా వాడుతున్నాం. ఇన్నాళ్లూ ఎవరికి వారికి విడివిడిగా అనుమతులు ఇస్తూ వచ్చాను. ఈ మధ్య గ్రూపులు ఏర్పాటు చేసి అందరినీ వాటిలో చేర్చాను. అకౌంట్స్ నుంచి సేల్స్‌కు మారిన ఉద్యోగిని అకౌంట్స్ గ్రూపులోంచి తీసేసినా ఆయనకు జీతాల టేబుల్ కనిపిస్తూనే ఉంది. మరోవైపు, కొత్తగా చేరిన టేబుల్‌ను తెరవబోతే గ్రూపులో అందరికీ ‘పర్మిషన్ డినైడ్’ అని వస్తోంది. పొరపాటు ఎక్కడుంది?

జవాబు: గ్రూపులు పెట్టడం మంచి పనే. అయితే, వాటిని పెట్టిన రోజున పాత అనుమతులను రద్దు చేయలేదు. మొదటి చిక్కు అక్కడే వచ్చింది. పోస్ట్‌గ్రెస్‌లో ఒక యూజర్‌కు తన పేరిట నేరుగా ఇచ్చిన హక్కులు, సభ్యుడిగా ఉన్న గ్రూపుల ద్వారా వచ్చిన హక్కులు, ‘పబ్లిక్’ పేరిట అందరికీ ఇచ్చిన హక్కులు అన్నీ కలిసి వర్తిస్తాయి. వీటిలో ఏ ఒక్క దారి తెరిచి ఉన్నా టేబుల్ కనిపిస్తుంది. మైక్రోసాఫ్ట్ డేటాబేస్ అయిన ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఉన్న ‘డినై’ వంటి నిషేధపు ఆజ్ఞ ఇందులో లేదు కాబట్టి, ఇచ్చినదాన్ని ‘రివోక్’తో ఎక్కడికక్కడ వెనక్కి తీసుకోవలసిందే.

ఎవరికి ఏ దారిన హక్కు వచ్చిందో చూడటానికి పీఎస్‌క్యూఎల్‌లో (పోస్ట్‌గ్రెస్‌కు ఆజ్ఞలు టైప్ చేసే ప్రోగ్రామ్) బ్యాక్‌స్లాష్ తర్వాత డీపీ అని కొట్టి, టేబుల్ పేరు ఇవ్వండి. అనుమతుల గడిలో కనిపించే ప్రతి వరుసలోనూ సమాన గుర్తుకు ఎడమవైపు హక్కు పొందినవారి పేరు, కుడివైపు హక్కుల అక్షరాలు, గీత తర్వాత ఆ హక్కు ఇచ్చినవారి పేరు ఉంటాయి. ‘ఆర్’ అంటే చదవడం, ‘ఏ’ అంటే కొత్త వరుసలు చేర్చడం, ‘డబ్ల్యూ’ అంటే మార్చడం, ‘డి’ అంటే తొలగించడం. సమాన గుర్తుకు ఎడమవైపు ఖాళీగా ఉంటే ఆ హక్కు పబ్లిక్‌ది, అంటే అందరిదీ. మీ జీతాల టేబుల్‌లో ఆ ఉద్యోగి పేరు పక్కన ‘ఆర్’ కనిపించవచ్చు. దాన్ని రివోక్ చేయండి. అక్కడితో ఆగకుండా, ఆ గడిలో మనుషుల పేర్లు ఎన్ని కనిపిస్తే అన్నీ తీసేసి, టేబుల్ యజమాని పేరు, గ్రూపుల పేర్లు మాత్రమే మిగల్చండి.

ఇక రెండో చిక్కు. స్కీమా అంటే డేటాబేస్‌లో టేబుళ్లను ఉంచే ఒక విభాగం. ‘స్కీమాలోని అన్ని టేబుళ్ల మీదా’ అంటూ ఇచ్చే గ్రాంట్ (హక్కు ఇచ్చే ఆజ్ఞ) ఆ క్షణానికి ఉన్న టేబుళ్లకే వర్తిస్తుంది, రేపు పుట్టే టేబుల్‌కు కాదు. రాబోయే వాటి కోసం ‘ఆల్టర్ డిఫాల్ట్ ప్రివిలేజెస్’ అనే ఆజ్ఞ ఉంది. దానిలోనూ ఒక మెలిక ఉంది: ‘ఫర్ రోల్’ (రోల్ అంటే యూజర్ లేదా గ్రూపు) అని పేరు చెప్పకపోతే, ఆ ఆజ్ఞ నడిపినవారు ముందుముందు సృష్టించే టేబుళ్లకే అది పనిచేస్తుంది. నేను ఒకసారి అడ్మిన్‌గా లాగిన్ అయి ఆ ఆజ్ఞ ఇచ్చి నిశ్చింతగా ఉన్నాను. టేబుళ్లను సృష్టించేదేమో అప్లికేషన్‌కు ఉన్న వేరే యూజర్. ఎందుకు పనిచేయడం లేదో తెలియక సగం రోజు గడిచిపోయింది. అన్ని టేబుళ్లనూ ఒకే రోల్ పేరిట సృష్టించే పద్ధతి పెట్టుకుని, ‘ఫర్ రోల్’ తర్వాత ఆ పేరే ఇవ్వడం నాకు తెలిసినంతలో ఉత్తమం.

పోస్ట్‌గ్రెస్‌లో యూజర్, గ్రూపు అనేవి వేర్వేరు వస్తువులు కావు. 2005లో వచ్చిన 8.1 వెర్షన్ నుంచి రెండూ రోల్‌లే; లాగిన్ హక్కు లేని రోల్‌ను మనం గ్రూపుగా వాడుకుంటున్నాం. అయితే సూపర్‌యూజర్ (అనుమతుల తనిఖీలు వర్తించని యూజర్) హోదా, కొత్త డేటాబేస్‌లు సృష్టించే హక్కు వంటివి సభ్యత్వంతో వాటంతట అవి సంక్రమించవు. అలాగే ‘పర్మిషన్ డినైడ్’ సందేశాన్ని చివరిదాకా చదవండి: టేబుల్ అని ఉందా, స్కీమా అని ఉందా? స్కీమా అని ఉంటే గ్రూపుకు దాని మీద ‘యూసేజ్’ హక్కు ఇవ్వాలి. అది లేకుండా టేబుల్ మీద ఎన్ని హక్కులిచ్చినా లోపలికి వెళ్లలేరు.

ఉద్యోగి సంస్థను వదిలి వెళ్లే రోజున ఈ శ్రమ ఫలితం తెలుస్తుంది. నేరుగా ఇచ్చిన హక్కులు ఒక్కటి మిగిలినా యూజర్‌ను తొలగించే ‘డ్రాప్ రోల్’ ఆజ్ఞ మొరాయిస్తుంది. గ్రూపు సభ్యత్వాలు మాత్రమే ఉంటే అవి వాటంతట అవే తొలగిపోతాయి. ఆయన పేరిట టేబుళ్లు ఉంటే మాత్రం ముందుగా ‘రీఅసైన్ ఓన్డ్’తో వేరొకరికి బదిలీ చేయాలి. ఇది ప్రతి డేటాబేస్‌లోనూ విడిగా చేయవలసిన పని.

ప్రశ్న: మైఎస్‌క్యూఎల్ 8.0లో రోల్ సృష్టించి, హక్కులిచ్చి, యూజర్‌కు కేటాయించాను. అయినా అతనికి టేబుళ్లేవీ కనిపించడం లేదు.

జవాబు: మైఎస్‌క్యూఎల్‌లో రోల్‌ను కేటాయించడం వేరు, అది అమల్లోకి రావడం వేరు. ఆ యూజర్‌గా లాగిన్ అయి ‘సెలెక్ట్ కరెంట్ రోల్’ అని అడిగితే ‘నన్’ (ఏదీ లేదు) అని వస్తుంది. ‘సెట్ డిఫాల్ట్ రోల్’ ఆజ్ఞతో ఆ రోల్‌ను అతనికి డిఫాల్ట్‌గా నిర్ణయించి, మళ్లీ లాగిన్ అవమనండి. యూజర్లు చాలామంది ఉంటే ‘యాక్టివేట్ ఆల్ రోల్స్ ఆన్ లాగిన్’ అనే సర్వర్ సెట్టింగ్‌ను ఆన్ చేస్తే సరిపోతుంది. మొదట్లో అది ఆఫ్‌లో ఉంటుంది.