రాజు మరణించాక పట్టాభిషేకం జరిగేవరకు సింహాసనం ఖాళీగా ఉంటుందా?

ఉండదు, వారసత్వ క్రమాన్ని చట్టం ముందుగానే నిర్ణయించిన బ్రిటన్ వంటి రాచరికాలలో, రాజు లేదా రాణి కన్నుమూసిన క్షణంలోనే తరువాతి వారసుడు రాజవుతాడు.

చట్టం దృష్టిలో మరణించేది వ్యక్తి మాత్రమే, రాజపదవి కాదు. ఈ సూత్రం ఊరికే పుట్టినది కాదు. పూర్వం ఇంగ్లండులో కొత్త రాజు పాలనను పట్టాభిషేకం నుండి లెక్కించేవారు. శాంతిభద్రతలు రాజు పేరిటే నడిచేవి కనుక, ఆయన మరణించగానే అవి కూడా ముగిసినట్లే భావించడం వల్ల, ఆ మధ్యకాలంలో దోపిడీలకూ వారసత్వ పోరాటాలకూ దారి తెరుచుకునేది. 1272లో మూడవ హెన్రీ మరణించినప్పుడు, కుమారుడు మొదటి ఎడ్వర్డు క్రూసేడు (క్రైస్తవుల మతయుద్ధ) యాత్రలో దూరంగా ఉన్నప్పటికీ, సామంతులు ఆయననే రాజుగా అంగీకరించారు; పట్టాభిషేకం 1274లో గానీ జరగలేదు. స్థిరత్వానికి అసలు ఆధారం ఇదే: ఎవరు రాజు అన్న ప్రశ్న తలెత్తడానికే వ్యవధి ఇవ్వకపోవడం.

2022 సెప్టెంబరు 8న రెండవ ఎలిజబెత్ మరణించగానే మూడవ చార్లెస్ రాజయ్యారు. సెప్టెంబరు 10న వారసత్వ మండలి చేసినది ఆ విషయాన్ని లాంఛనంగా ప్రకటించడమే. మంత్రివర్గం, పార్లమెంటు, న్యాయస్థానాలు యథాతథంగా కొనసాగాయి.

కిరీటధారణతోనే రాజరికం సంక్రమిస్తుందన్నది చాలామందికి ఉన్న అపోహ. చార్లెస్ పట్టాభిషేకం 2023 మే 6న జరిగింది. అప్పటికే ఆయన దాదాపు ఎనిమిది నెలలుగా రాజు. 1936లో ఎనిమిదవ ఎడ్వర్డు అయితే పట్టాభిషేకమే లేకుండా సుమారు పదకొండు నెలలు రాజుగా ఉండి, పదవిని త్యజించారు.