ఇంట్లోనే మానిక్యూర్, నెయిల్ ఆర్ట్: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: ఎంత మంచి నెయిల్ పాలిష్ వేసుకున్నా రెండో రోజుకే గోటి కొసన పెచ్చులు ఊడిపోతోంది. వేసుకునే ముందు చేతులు పావుగంట సబ్బునీళ్లలో నానబెట్టి, తుడుచుకుని, క్రీమ్ కూడా రాసుకుంటాను. లోపం ఎక్కడుంది?

జవాబు: లోపం పాలిష్‌లో లేదు. ఆ పావుగంట నానబెట్టడంలో, ఆ తర్వాత రాసే క్రీమ్‌లో ఉంది. గోరు చూడటానికి గట్టి పలకలా ఉన్నా అది పొరలు పొరలుగా పేరుకున్న కెరటిన్ అనే ప్రొటీన్. నీటిని బాగా పీల్చుకుంటుంది. నానిన గోరు కాస్త ఉబ్బి, వంపు తగ్గుతుంది. దాని మీద రంగు వేశాక లోపలి తడి ఆరి, గోరు తన మామూలు ఆకారానికి వచ్చేస్తుంది. గట్టిపడ్డ రంగు పొర ఆ మార్పును తట్టుకోలేక అంచుల దగ్గర పట్టు వదిలేస్తుంది. ఇక జిడ్డు సంగతి సరేసరి, దాని మీద ఏ రంగూ నిలవదు.

తడి పనులన్నీ ముందు రోజు రాత్రే ముగించండి. పాత రంగు తీయడం, గోటి మొదట్లోని మృతచర్మం తొలగించడం, నూనె రాయడం అన్నీ అప్పుడే. మర్నాడు పొడి గోళ్లను ఫైల్‌తో సరిచేయండి. 240 గ్రిట్ (గరుకుదనం కొలత) ఫైల్ గానీ గాజు ఫైల్ గానీ చాలు. ఒక పక్క నుంచి మధ్యకు, రెండో పక్క నుంచి మధ్యకు మెల్లగా లాగండి. రంపంలా అటూ ఇటూ రాస్తే కొస దగ్గర పొరలు విడిపోయే ప్రమాదం ఎక్కువ.

తర్వాత నూగు వదలని చిన్న గుడ్డముక్కను అసిటోన్‌లో గానీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో గానీ తడిపి ఒక్కో గోటినీ తుడవండి. పక్క సందుల్లోనూ, కొస కిందా మరచిపోవద్దు. అక్కడి నుంచి రంగు పూర్తయ్యేదాకా గోటి మీద వేలు పెట్టకూడదు. పలచగా ఒక బేస్ కోట్ (రంగు కింద వేసే పూత) వేసి, రెండు నిమిషాలు ఆగండి. రంగు రెండు పలచటి పూతలు, మధ్యలో మూడు నాలుగు నిమిషాల విరామం. ఆఖరున టాప్ కోట్ (రంగు పైన వేసే రక్షణ పూత). ప్రతి పూతలోనూ కుంచెను గోటి కొస అంచు మీదుగా ఒకసారి అడ్డంగా తిప్పండి. టైపింగ్, అంట్లు తోమడం, మూతలు తీయడం లాంటి పనుల్లో దెబ్బ తగిలేది ఆ అంచుకే. ఒక్క పెచ్చు అక్కడ లేచిందంటే మిగతాది దాని వెంటే వస్తుంది. మూడో రోజున మళ్లీ ఒక పూత టాప్ కోట్ వేస్తే మన్నిక ఇంకా పెరుగుతుంది.

ప్రశ్న: రంగు ఆరాక సన్నటి బుడగలు కనిపిస్తున్నాయి.

జవాబు: సీసాను గట్టిగా కుదుపుతున్నారేమో చూసుకోండి. కుదిపితే గాలి చేరుతుంది. రెండు అరచేతుల మధ్య నిదానంగా దొర్లించాలి. ఫ్యాను కింద ఆరబెట్టడం రెండో కారణం. పాలిష్ ఆరడమంటే అందులోని ద్రావకాలు ఆవిరవడమే. పైపొర గాలికి ముందే గట్టిపడితే కిందనున్న ఆవిరికి దారి ఉండదు. మందపాటి పూతతోనూ ఇదే జరుగుతుంది. సీసాలో రంగు తీగలా సాగుతుంటే నెయిల్ పాలిష్ థిన్నర్ రెండు మూడు చుక్కలు వేసి దొర్లించండి. రిమూవర్ మాత్రం పోయకండి. అప్పటికి పలచబడినట్టే ఉంటుంది గానీ రంగు పొర బలహీనపడి త్వరగా రాలిపోతుంది.

ప్రశ్న: గోటి మొదట్లో చర్మం కత్తిరిస్తేనే చేయి నీట్‌గా కనిపిస్తోంది. కానీ ఈమధ్య రెండుసార్లు గోరుచుట్టు వచ్చింది. కత్తిరించడం మానేయాలా?

జవాబు: మానేయండి. అక్కడ రెండు వేర్వేరు చర్మాలున్నాయి. గోటి పలక మీద అతుక్కుని పలుచగా, తెల్లగా కనిపించేది మృతచర్మం. అదే క్యూటికల్. దాని వెనక గోటి మొదలును మూస్తూ మడతలా ఉన్నది ప్రాణమున్న చర్మం. సూక్ష్మజీవులు లోపలికి పోకుండా కాపలా కాసేది ఆ మడతే. కటర్‌తో తీసేటప్పుడు రెంటినీ కలిపి కోసేస్తున్నారు. తెరుచుకున్న చోటు నుంచి సూక్ష్మజీవులు చేరి గోరుచుట్టు అవుతోంది. పైగా కోసిన చర్మం గరుకుగా, ముదురుగా మళ్లీ పెరుగుతుంది. దాంతో ఇంకా కోయాలనిపిస్తుంది.

క్యూటికల్ రిమూవర్ ద్రవం మొదట్లో సన్నగా రాయండి. వీటిలో చాలావాటిలో పొటాషియం హైడ్రాక్సైడ్ లాంటి క్షారం ఉంటుంది కనుక సీసా మీద రాసిన సమయం దాటకూడదు. చాలావరకు ఒకటి రెండు నిమిషాలే. మెత్తబడిన మృతచర్మాన్ని పుల్లతో పలక మీంచి గుండ్రంగా తోసి తుడిచేయండి. వెంటనే సబ్బుతో కడిగి, జొజోబా నూనె ఒక్కో గోటికి ఒక చుక్క చొప్పున మర్దన చేయండి. వారానికి ఒకసారి చాలు. ఇప్పుడు వాపు గానీ చీము గానీ ఉంటే ఇవేవీ వద్దు, ముందు వైద్యులకు చూపించండి.

ప్రశ్న: ఎడమ చేతికి చక్కగా వేసుకుంటాను. కుడిచేతికి వచ్చేసరికి చర్మం నిండా పూసేస్తున్నాను. చిట్కా ఏమైనా?

జవాబు: కుంచెను కదపడం తగ్గించి, వేలిని కదపండి. రెండు మోచేతులూ బల్ల మీద ఆనించి, కుంచె పట్టిన చేతి చిటికెన వేలిని రెండో చేతికి ఆసరాగా ఆనించండి. కుంచె నిలకడగా ఉంటే, రంగు వేసే వేలిని కొద్దిగా అటూ ఇటూ దొర్లిస్తే పక్కలు వాటంతటవే వస్తాయి. కుంచెకు ఒక వైపు సీసా మూతికి ఒత్తి తుడిచి, రెండో వైపున ఒక చిన్న బొట్టు మిగల్చండి. ఆ బొట్టును గోటి మధ్యలో పెట్టి, మొదలు వైపు మెల్లగా తోసి, వెంట్రుకవాసి ఖాళీ ఉండగానే ఆపి, కొస దాకా లాగండి. తర్వాత ఎడమ పక్క, కుడి పక్క. మొత్తం మూడు గీతలు. మళ్లీ మళ్లీ దిద్దితే సగం ఆరిన రంగు లేచిపోయి చారలు పడతాయి.

అయినా అంటుకుంటే కంగారు వద్దు. చదునైన సన్నటి కుంచెను అసిటోన్‌లో ముంచి, అదనపు తడి తుడిచి, గోటి చుట్టూ ఒకసారి నడిపించండి. సెలూన్‌లో వేసినట్టు కనిపించే ఆ గీత చాలాసార్లు ఈ దిద్దుబాటు చలవే.

ప్రశ్న: ప్రత్యేకమైన పనిముట్లు లేకుండా చేసుకోగల నెయిల్ ఆర్ట్ చెప్పండి. సెల్లోటేపుతో గీతలు వేయబోతే కింది రంగంతా ఊడొచ్చింది.

జవాబు: మొదట చుక్కలతో చెయ్యి తిప్పుకోండి. పెద్ద చుక్కకు హెయిర్‌పిన్ గుండ్రటి కొస, మధ్యరకానికి ఇంకు అయిపోయిన బాల్‌పెన్ మొన, సన్నదానికి టూత్‌పిక్. రంగును సీసాలోంచి కాకుండా, ప్లాస్టిక్ కాగితం మీద ఒక బొట్టు వేసుకుని అందులో ముంచండి. ప్రతిసారీ ముంచితే చుక్కలన్నీ ఒకే సైజులో వస్తాయి. ఒకసారి ముంచి నాలుగైదు పెడితే వరసగా చిన్నవవుతాయి, తీగలకూ తోకలకూ అదే అందం. మధ్యలో ఒకటి, చుట్టూ ఐదు పెడితే పువ్వు. తడిగా ఉన్న చుక్క మధ్యలోంచి టూత్‌పిక్‌ను కిందికి లాగితే హృదయాకారం, పక్కపక్కన రెండు పెట్టి లాగితే ఇంకా బాగా కుదురుతుంది. బొట్టు చిక్కబడి దారంలా సాగుతోందంటే పారేసి కొత్తది వేసుకోండి.

టేపుకు ఓపిక కావాలి. చేతికి ఆరినట్టు తగిలిన రంగు లోపల ఇంకా మెత్తగానే ఉంటుంది, పూర్తిగా గట్టిపడటానికి చాలా గంటలు పడుతుంది. కింది రంగు ముందు రోజే వేసి, పైన ఒక పూత టాప్ కోట్ కూడా వేసి ఉంచండి. టేపును ఒకటి రెండుసార్లు చేతి వెనక అంటించి తీస్తే జిగురు తగ్గుతుంది. అంచు బాగా నొక్కి, పైరంగు ఒకే ఒక్క పలచటి పూత వేసి, అది తడిగా ఉండగానే టేపును గోటికి ఆనుకున్నట్టుగా వెనక్కి లాగండి. ఆరనిచ్చి లాగితే అంచు పళ్లు పళ్లుగా చిరుగుతుంది.

రెండు రంగులు ఒకదానిలోకి ఒకటి కరిగిపోయినట్టుండే డిజైన్‌కు మేకప్ స్పాంజి వాడండి. స్పాంజిని నీళ్లలో తడిపి గట్టిగా పిండేయండి, లేకపోతే రంగంతా అదే తాగేస్తుంది. గోటికి తెల్లరంగు గానీ, రెంటిలో లేతరంగు గానీ వేసి ఆరనివ్వండి. గోటి చుట్టూ చర్మానికి పీవీఏ జిగురు (కాగితాలు అంటించే తెల్ల జిగురు) పూసి ఆరనిస్తే, చివర్లో అంటిన రంగుతో సహా పొరలా ఒలిచేయొచ్చు. స్పాంజి మీద రెండు రంగులనూ పక్కపక్కన, కొద్దిగా కలిసేలా పూసి, గోటి మీద ఒకే చోట తేలిగ్గా అద్దండి. రెండు మూడు విడతలు పడుతుంది. అప్పుడు గరుకుగా, బుడగలతో అందవిహీనంగా కనిపిస్తుంది, అక్కడే చాలామంది తుడిచేస్తారు. తొందరపడకండి, టాప్ కోట్ పడగానే అంతా నునుపవుతుంది.

ఏ డిజైన్ మీదైనా టాప్ కోట్ వేసే ముందు పది నిమిషాలు ఆగండి. కుంచెకు నిండుగా తీసుకుని, వెంట్రుకలు గోటిని రాయకుండా ద్రవం మాత్రమే తాకేలా ఒకే ఊపులో లాగండి. నొక్కితే డిజైన్ చెదిరిపోతుంది.

ప్రశ్న: స్టాంపింగ్ ప్లేటు (డిజైన్లు చెక్కిన పలక) ఉంది, డిజైన్ సగమే ఎక్కుతోంది.

జవాబు: మామూలు పాలిష్ వాడుతుంటే కారణం అదే కావచ్చు, ప్లేటు గాడిలోనే ఆరిపోతుంది. దీనికి చిక్కటి స్టాంపింగ్ పాలిష్ కావాలి. ప్లేటు మీది అదనపు రంగును గీకే స్క్రేపర్‌ను సుమారు 45 డిగ్రీల వంపులో ఒక్కసారే లాగండి, గట్టిగా నొక్కితే గాడిలోని రంగు కూడా వచ్చేస్తుంది. పూయడం నుంచి గోటి మీద దొర్లించడం దాకా కొద్ది సెకన్లలో ముగియాలి. డిజైన్‌ను గోటికి ఎక్కించే సిలికాన్ స్టాంపర్‌ను అసిటోన్‌తో కాదు, టేపుతో అద్ది శుభ్రం చేయండి.

ప్రశ్న: ముదురు ఎరుపు తీసేశాక గోళ్లు పసుపుపచ్చగా ఉన్నాయి. రుద్దితే పోతుందా?

జవాబు: రుద్దితే రంగుతో పాటు గోరూ అరిగిపోతుంది. అది పైపొరకు పట్టిన మరక. చేతి గోళ్లు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతాయి కనుక మొత్తం పోవడానికి ఆరు నెలలు పట్టవచ్చు. ఇకపై ముదురు రంగుల కింద బేస్ కోట్ రెండు పూతలు వేయండి. రంగు వేయకుండానే పసుపుగా మారి, మందమై, పొడిపొడిగా రాలుతుంటే అది వేరే సమస్య, చర్మ వైద్యులకు చూపించాలి.

ప్రశ్న: ఇంట్లో వాడే జెల్ కిట్ కొందామనుకుంటున్నాను. జాగ్రత్తలు చెప్పండి.

జవాబు: జెల్ ఆరదు, కాంతి పడితే రసాయన చర్యతో గట్టిపడుతుంది. గట్టిపడని జెల్‌లోని హెమా (HEMA) లాంటి యాక్రిలేట్లు అనే రసాయనాలు పదేపదే చర్మానికి తగిలితే అలర్జీ రావచ్చు. వచ్చిందంటే సాధారణంగా జీవితాంతం ఉంటుంది. పంటి ఫిల్లింగుల్లోనూ ఇదే కుటుంబం పదార్థాలు వాడతారు కనుక దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఐరోపా సమాఖ్యలో 2021 నుంచి హెమా ఉన్న గోళ్ల ఉత్పత్తులను నిపుణుల వాడకానికే పరిమితం చేశారు. హెమా లేదని రాసి ఉన్నా మిగతా యాక్రిలేట్లు ఉండొచ్చు, జాగ్రత్తలు అవే.

జెల్ తయారుచేసినవారు చెప్పిన ల్యాంపునే వాడండి. వేరే ల్యాంపు కాంతి సరిపోకపోతే పైన గట్టిపడినా లోపల పచ్చిగా మిగిలిపోతుంది. పూతలు పలచగా, చర్మానికి ఒక మిల్లీమీటరు దూరంలో ఉండాలి. చర్మానికి అంటితే ల్యాంపులో పెట్టకముందే తుడవాలి. మందంగా వేస్తే గట్టిపడేటప్పుడు వేడి పుట్టి గోరు చురుక్కుమంటుంది. ల్యాంపు నుంచి అతినీలలోహిత కాంతి వస్తుంది కనుక చేతులకు సన్‌స్క్రీన్ 20 నిమిషాల ముందే రాసుకోండి, గోటి పలకకు అంటనివ్వకండి. దురద, ఎర్రదనం, నీటిపొక్కులు వేళ్ల చుట్టూ గానీ కనురెప్పల మీద గానీ కనిపిస్తే ఆ రోజే ఆపేయండి.

తీసేటప్పుడు ఒలవకండి, గోటి పొరలు దానితో లేచి వస్తాయి. పైమెరుపును ఫైల్‌తో గీరి, అసిటోన్‌లో తడిపిన దూదిని పెట్టి, ఫాయిల్ చుట్టి 10 నుంచి 15 నిమిషాలు ఉంచండి. పుల్లతో తోస్తే జారాలి. జారకపోతే మరో ఐదు నిమిషాలు చుట్టండి. మొండి గ్లిట్టర్ పాలిష్‌కూ ఇదే పద్ధతి, కాకపోతే ఐదు నిమిషాలు సరిపోతుంది. అసిటోన్ ఇట్టే అంటుకుంటుంది, కిటికీలు తెరిచి, పొయ్యికీ దీపాలకూ దూరంగా కూర్చుని చేయండి.